రేపొచ్చినావు గదప్పా

ఆళ్ళగడ్డలో శేషయ్య చేత బట్టలు కుట్టించుకోనివాళ్ళు ఉండొచ్చు గానీ, శేషయ్య చేత "రేపు రాప్పా" అనిపించుకోనివాళ్ళు లేరు. బట్ట ఇచ్చినవాడికీ అదే మాట, కుట్టిన బట్ట కోసం వచ్చినవాడికీ అదే మాట. మా అమ్మాయి నిశ్చితార్థానికని నేనిచ్చిన ప్యాంటు ఆ పిల్ల సీమంతానికి తొడుక్కున్నాను. నాది ఎదురంగడి, ఫ్యాన్సీ షాపు. గుండీలూ దారాలూ నా దగ్గరే కొంటాడు. నాకే ఆ గతి పడితే ఊళ్ళో మిగతావాళ్ళ సంగతి వేరే చెప్పాలా?

అలాగని అబద్ధాలకోరు కాదు. రేపు అన్నప్పుడు అతని మనసులో నిజంగానే రేపు ఉంటుంది. ఈలోగా ఎవడో పెళ్ళికొడుకు వచ్చి కూర్చుంటాడు, లేకపోతే కరెంటు పోతుంది, లేకపోతే శేషయ్యకు ఎవరిమీదో కోపం వస్తుంది. కోపం వస్తే మిషను తొక్కడు. గోడకు ఆనుకొని, టేపు మెడలో వేసుకొని, వీధిని చూస్తూ కూర్చుంటాడు. కానీ కుడితే మాత్రం కుట్టినట్టే. అతను కుట్టిన చొక్కాలో బానకడుపువాడు కూడా కాస్త తగ్గినట్టు కనిపిస్తాడు. అందుకే ఊరంతా తిట్టుకుంటూనే మళ్ళీ అతని దగ్గరికే పోతుంది.

పుట్టింది ఉయ్యాలవాడ పక్క పల్లెలో. చిన్నప్పుడే తండ్రి తెచ్చి ఈ బస్టాండు వెనక సందులో ఒక ముసలి టైలరు దగ్గర కాజాలు కుట్టడానికి పెట్టాడు. ఆ ముసలాయన పోయాక మిషనూ ఆ గదీ ఇతనికే దక్కాయి. నంద్యాల పిల్ల గౌరమ్మను చేసుకున్నాడు. తల్లి పోయిన ఇల్లు కాబట్టి గౌరమ్మ కాపురానికి వస్తూ తమ్ముణ్ణి కూడా వెంట తెచ్చుకుంది. ఆ తమ్ముడే సాయినాథ్. వాడికి సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి కోటు కత్తిరించడం దాకా నేర్పింది శేషయ్యే.

నేర్చుకున్నవాడు ఊరుకోలేదు. బొంబాయి పోయాడు, అక్కడ చాలా ఏళ్ళున్నాడు, హిందీ నేర్చుకున్నాడు, తిరిగొచ్చి నంద్యాలలో అద్దాల తలుపులు పెట్టి ఏసీ షాపు తెరిచాడు. అదంతా ఒక ఎత్తు. చెప్పిన రోజుకు బట్టలిస్తాడు, అదొక ఎత్తు. గౌరమ్మ వంట చేస్తూ చేస్తూ, "మా సాయి సోమారం ఇస్తానంటే సోమారమే ఇస్తాడంట" అనేది. ఆ మాట శేషయ్యకు అన్నంలో రాయిలా తగిలేది.

"చెప్పిన పొద్దుకు ఇచ్చేది పాలోడు," అనేవాడు నా అంగడి ముందుకొచ్చి. "దర్జీ కాదు శెట్టీ."

అసూయ చాలామందికి ఉంటుంది, దాచుకుంటారు. శేషయ్య దాచుకోలేడు. ముఖంలో కనిపిస్తుంది, నడకలో కనిపిస్తుంది, కత్తెర పట్టిన చేతిలో కనిపిస్తుంది. బావమరిది కారు సందు చివర ఆగిందంటే ఇక్కడ మిషను చప్పుడు ఆగిపోయేది.

అలాంటి మనిషికి ఒకసారి గొప్ప అదృష్టం పట్టింది.

హైదరాబాదు నుంచి సినిమావాళ్ళు దిగారు. కథ ఏమిటంటే, హీరో అన్నను ఎవరో చంపేస్తారు. హీరో బెలుం గుహల్లోకి పోయి, దారి తప్పి, ఇంకో పక్కనుంచి బయటికొస్తే అది ముందురోజు అవుతుంది. అన్న ఇంకా బతికే ఉంటాడు. చంపబోయేది ఎవరో ఆ ఒక్కరోజులో కనిపెట్టాలి. అందులో హీరో ఊళ్ళో ఒక టైలరు షాపు ముందు ఆగుతాడు, టైలరు ఒక మాటంటాడు. ఆ సినిమాకు అసిస్టెంటు డైరెక్టరు వేదవ్యాస్, అహోబిలం అర్చకుల ఇంటివాడు. మన సందు అతనికి తెలుసు. ఏళ్ళ తరబడి సున్నం కూడా చూడని శేషయ్య గది చూసి, సెట్టు వేయక్కర్లేదని ఇక్కడికే తీసుకొచ్చాడు. టైలరుగా కూడా శేషయ్యనే కూర్చోబెట్టాడు.

మాట చిన్నదే. "నిన్నొచ్చినావు గదప్పా, మళ్ళా వచ్చినావా?" అనాలి. శేషయ్య పొద్దుటినుంచీ దాన్ని జపం చేశాడు. నా అంగట్లోకి వచ్చి పోయి నాకే వినిపించాడు. తీరా కెమెరా తిరిగి, హీరో వచ్చి ఎదురుగా నిలబడేసరికి నాలుక దాని పాత దారిన అది పోయింది.

"రేపొచ్చినావు గదప్పా. మళ్ళా వచ్చినావా?"

సందులో ఎవరూ నవ్వలేదు. డైరెక్టరు కుర్చీలోంచి లేచాడు. శేషయ్య తలవంచుకొని, "నోరు జారిందయ్యా, ఇంగోసారి చెప్తా," అన్నాడు. డైరెక్టరు వద్దన్నాడు. అతనికి ఆ తప్పులోనే కథ కనిపించింది: రేపు ఇక్కడికి వచ్చిన మనిషిని ఇవాళ గుర్తుపట్టిన టైలరు. అక్కడికక్కడ వేదవ్యాస్‌ను పక్కన కూర్చోబెట్టుకొని కథ మార్చేశాడు. గుహలోంచి వచ్చింది హీరో ఒక్కడే కాదు, ఈ టైలరుకు కూడా రేపటి సంగతి తెలుసు, ముడి విప్పేది ఇతనే అని.

సినిమా ఆడింది. శేషయ్య ఆ మాట అనగానే హాలు అదిరిపోయేది. ఆ తర్వాత రెండేళ్ళు మా ఊళ్ళో ఎవరు ఎవర్ని కలిసినా "రేపొచ్చినావు గదప్పా" అనే పలకరింపు. బస్సు కండక్టర్లు అనేవాళ్ళు. మా ఊరి రాతి శిల్పాల దుకాణాల్లో ఉలి ఆపి మరీ అనేవాళ్ళు. బట్టలివ్వలేదని కొట్లాటకు వచ్చినవాడు కూడా ఆ మాట ఒకసారి అనిపించుకొని నవ్వుతూ పోయేవాడు. శేషయ్య హీరోతో దిగిన ఫోటో అద్దం పైన మేకుకు తగిలించాడు. నంద్యాలలో బావమరిది షాపుకు పోయి, అద్దాల తలుపు తోసుకొని, అక్కడి గిరాకీల ముందు కుర్చీలో కాలుమీద కాలేసుకొని కూర్చొని వచ్చేవాడు. ఆ రెండేళ్ళూ అతనికి ఎవరిమీదా కుళ్ళు లేదు. మనిషి ఒళ్ళు చేశాడు కూడా.

తర్వాత వేదవ్యాస్ మళ్ళీ వచ్చాడు. ఆ సినిమాను హిందీలో తీస్తున్నారు.

"గుహలు ఈన్నే తీస్తారన్నా. బొంబాయి డైరెక్టరు నిన్ను చూడల్లంటాడు. హిందీ వస్తాదా నీకు?"

"యాల రాదు? మన మార్కెట్లో సాయిబులతో మాట్లాడేది ఏంది, తమిళమా?"

ఆ మాటైతే అన్నాడు గానీ లోపల బెదురు ఉంది. దొరలతో మాట్లాడాలంటే పక్కన ఒక మనిషుంటే మేలనుకున్నాడు. ఇంకెవరూ దిక్కులేనట్టు నంద్యాలకు ఫోన్ చేసి తనే పిలిచాడు. "సాయీ, నువ్వొచ్చి వాళ్ళు చెప్పేది నాకు చెప్పు, నేను చెప్పేది వాళ్ళకు చెప్పు." నేను పక్కనే ఉన్నాను. ఆ ఫోన్ చేసిన చేతిని తర్వాత అతను ఎన్నిసార్లు తిట్టుకున్నాడో నాకు తెలుసు.

సాయినాథ్ షాపు మూసుకొని మరీ వచ్చాడు. బొంబాయి డైరెక్టరు మా సందులో నా కుర్చీలోనే కూర్చున్నాడు. శేషయ్య జుట్టుకు రంగేసుకొని, తను కుట్టుకున్న తెల్లచొక్కా తొడుక్కొని, హిందీలో ఆ మాట చెప్పాడు. సాయిబులతో బేరమాడే హిందీ అది. మాట సగంలో "అప్పా" కూడా వచ్చింది. డైరెక్టరు మర్యాదస్తుడు, నవ్వలేదు. సాయినాథ్ వైపు తిరిగి, ఎలా అనాలో బావకు ఒకసారి చూపించమన్నాడు. సాయినాథ్ చూపించాడు. డైరెక్టరు ఇంకోసారి అనమన్నాడు. తర్వాత మిషను ముందు కూర్చొని అనమన్నాడు. శేషయ్య లేచి తన పీట తనే ఖాళీ చేశాడు.

కాసేపటికి వేదవ్యాస్ శేషయ్యను పక్కకు పిలిచాడు. చెప్పేముందే శేషయ్యకు తెలిసిపోయింది. ముఖంలో రక్తం లేదు. తన నోటిలోంచి ఊడిపడిన మాట అది, తన సొంత తప్పు. దాంతోనే ఊళ్ళో అతనికొక పేరు వచ్చింది. ఆ పేరును ఇప్పుడు తను కాజాలు నేర్పినవాడు, తను చేతులారా పిలుచుకున్నవాడు తీసుకుపోతున్నాడు. రేపటినుంచి దేశమంతా "కల్ ఆయే థే" అని ఆ మాటను హిందీలో అన్నవాణ్ణే చూస్తుంది. ఆళ్ళగడ్డ శేషయ్య ఎవరికి కావాలి?

"నేనొద్దంటా బావా," అన్నాడు సాయినాథ్. "నీదీ ఏషము."

"చెయ్యి చెయ్యి," అన్నాడు శేషయ్య. "నాకేం పనిలేదా?"

ఆ రోజు గౌరమ్మ సందులో ఇంటింటికీ కొబ్బరి మిఠాయి పంచింది. తమ్ముడు హిందీ సినిమాలో చేస్తున్నాడని. నాకూ ఇచ్చింది. శేషయ్య తన వాటా ముక్కను తీసుకొని, తినకుండా, మిషను సొరుగులో పెట్టాడు. తర్వాత చీమలు పట్టాయి.

షూటింగు మొదలయ్యే ముందు సాయినాథ్ ఒక బట్ట తెచ్చాడు. లేత నీలం రంగు, మంచి నూలు.

"బావా, కెమెరా ముందర నువ్వు కుట్టిన చొక్కా తొడుక్కొని కూచోవల్లని నా ఆశ. నీ చేతి చలవ ఉంటే నాకు బయముండదు."

ఏ మాటకామాటే చెప్పాలి, వాడు మనస్ఫూర్తిగానే అన్నాడు. శేషయ్యకు అదే మరీ మండింది. మిడిసిపడితే తిట్టొచ్చు, కాళ్ళ దగ్గరకొచ్చి నిలబడినవాణ్ణి ఏం చేస్తాం? బట్ట తీసుకొని కొలతలు కూడా తీయకుండా, "రేపు రా," అన్నాడు.

ఎప్పుడూ అనే రేపు కాదది. నేను ఎన్ని రేపులు విన్నవాణ్ణి, తేడా నాకు తెలియదా? ఆ బట్టను అలమారలో అన్నిటికన్నా కింద పెట్టాడు. సాయినాథ్ మర్నాడు వచ్చాడు, రేపు. ఆ మర్నాడు మనిషిని పంపాడు, రేపు. చివరికి వాడు తన షాపులో కుట్టుకున్న చొక్కాతోనే షూటింగుకు పోయాడు. ఇక్కడ శేషయ్య రోజంతా మిషను తొక్కుతూనే ఉన్నాడు. ఊళ్ళోవాళ్ళ బట్టలన్నీ ఆ వారంలో చెప్పిన రోజుకు పూర్తయ్యాయి. నీలం బట్ట ఒక్కటే కదలలేదు.

షూటింగులో సాయినాథ్ వంతు వచ్చినరోజు శేషయ్యకు ఫోన్ వచ్చింది. చేతినిండా పనుండి స్పీకరు పెట్టాడు కాబట్టి పక్కనే ఉన్న నేనూ విన్నాను.

"బావా, ఈడ పెద్ద చిక్కొచ్చింది. హిందీలో నిన్నకూ రేపుకూ ఒకటే మాట. కల్. నేను కల్ వచ్చినావు గదా అంటే నిన్నొచ్చినావనే అనుకుంటారు. సప్పగుండాది. వీళ్ళు ఇంతవరకూ చూసుకోనే లేదు. డైరెక్టరు తల పట్టుకున్నాడు."

శేషయ్య కాలు మిషనుమీద ఆగింది. ముఖం విచ్చుకుంది. ఈమధ్య అంత అందంగా అతన్ని నేను చూడలేదు.

"మొన్న అను," అన్నాడు తీయగా.

"మొన్నకూ ఎల్లుండికీ గూడా ఒకటే మాట బావా. పర్సోం."

"అట్లనా." శేషయ్య నా వైపు చూసి కన్ను గీటాడు. ఇంతమంది మనుషులున్న భాషలో తన ఒక్క మాటకు చోటు లేదు. ఆళ్ళగడ్డ నాలుకే కావాలి దానికి.

"ఇట్లయితే ఈ సీనే తీసేస్తామంటాండారు. ఏమన్నా దోవ చెప్పు బావా. మాట నీది గదా."

ఆ ఆఖరి మాటతో లోపల మూతపెట్టిందంతా పొంగింది.

"నాదని ఇప్పుడు తెలిసిందా నీకు? నీకు మాటెందుకురా? నువ్వు శానా గొప్ప దర్జీవి గదా, చెప్పిన పొద్దుకు ఇచ్చేటోడివి గదా. ఆ హీరో బట్ట ఇయ్యకముందే చొక్కా కుట్టి వాని చేతిలో పెట్టు, పో. నోరే తెరవాకు."

ఫోన్ పెట్టేశాడు. కడుపులో మంట కక్కేసినవాడు కాబట్టి ఆ సాయంత్రం హాయిగా ఉన్నాడు. సాయినాథ్ మళ్ళీ ఫోన్ చేయలేదు. సీను తీసేసి ఉంటారని శేషయ్య నమ్మాడు. నమ్మడమే కాదు, ఒక శనివారం అహోబిలం పోయి నరసింహస్వామికి టెంకాయ కొట్టి వచ్చాడు. ఏం మొక్కుకున్నావంటే చెప్పలేదు. నాకు తెలియంది కాదు.

సినిమా విడుదలైంది. మన గుహల్లో తీసిందని నంద్యాలలో కూడా ఒక హాల్లో వేశారు. సాయినాథ్ అందరికీ టికెట్లు తీశాడు, గౌరమ్మకు కొత్త చీర పెట్టాడు. శేషయ్య రానన్నాడు గానీ వచ్చాడు. సీను లేకపోవడం కళ్ళారా చూడాలి కదా. మ్యాట్నీకి నా పక్కనే కూర్చున్నాడు.

సీను ఉంది.

హిందీ హీరో గుహలోంచి వచ్చి టైలరు షాపు ముందు ఆగాడు. మిషను ముందు మన సాయినాథ్. తలెత్తి చూశాడు. ఒక్క మాట మాట్లాడలేదు. పక్కనున్న అరలోంచి మడతపెట్టిన చొక్కా తీసి హీరో చేతిలో పెట్టాడు. హీరో బిత్తరపోయి, "నేను నీకు బట్టే ఇవ్వలేదు," అని హిందీలో అన్నాడు. సాయినాథ్ దారం కొరుకుతూ, "ఇస్తారు" అన్నాడు. హీరో ఆ చొక్కా తొడుక్కున్నాడు. అచ్చంగా సరిపోయింది.

హాల్లో పడిన ఈలలకు నా చెవులు పనిచేయలేదు. మా వెనక ఎవరో, "బట్టిచ్చినాక ఇచ్చే దర్జీనే నేను సూడలేదు, ఈడు ఇయ్యకముందే ఇచ్చినాడు," అంటున్నాడు. శేషయ్య ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు. తను తిట్టిన తిట్టు తెరమీద ఆడుతోంది. మొదటి మాట నోరు జారి పోయింది, రెండోది కడుపుమంటతో పోయింది. రెండూ తనవే. రెండోసారి ఈలలు మాత్రం బావమరిదివి.

అంతటితో పోలేదు. ఇంటర్వెల్లో హాలు యజమాని సాయినాథ్‌కు శాలువా కప్పి మైకిచ్చాడు.

"ఈ సీను నాది కాదు," అన్నాడు సాయినాథ్. "మాట దొరక్క మేమంతా తల పట్టుకోని కూచుంటే మా బావ ఫోన్లో చెప్పినాడు. నాకు మిషను నేర్పింది ఆయనే, ఈ సీను కుట్టింది గూడా ఆయనే. తన ఏషము నాకు పోయినా మనసులో పెట్టుకోకుండా చెప్పినాడు. అంత పెద్ద మనసు."

జనం శేషయ్యను లేపి, నెట్టుకుంటూ తీసుకుపోయి శాలువా కప్పారు. గౌరమ్మ కొత్త చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది, మొగుణ్ణి అంత ప్రేమగా ఆమె ఎప్పుడు చూసిందో. శేషయ్య చేతులు జోడించి నిలబడ్డాడు. వినయం అనుకున్నారు జనం.

తిరుగు బస్సులో శాలువాను ఒళ్ళో కుక్కుకొని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. గౌరమ్మ ముందు సీట్లో నిద్రపోయింది.

"శెట్టీ," అన్నాడు మెల్లగా. "నేను తిట్టినా వానికి మంచే జరుగుతాండాది. ఇంగ వాన్ని నేనేం చేయల్లప్పా?"

శాలువా కొస కింద పడితే తీసి అతని ఒళ్ళో పెట్టాను.

"వాళ్ళు పొగిడినారే, పెద్ద మనసు శేషయ్య అని. ఎవడు వాడు? వాని మీద గూడా నాకు కుళ్ళుగా ఉండాది."

నవ్వబోయి ఆగాను. అతను నిజమే చెప్తున్నాడు.

తర్వాత మా సందులో మాట మారింది. "రేపొచ్చినావు గదప్పా" అనేవాళ్ళు లేరు. బట్టలకు వచ్చిన ప్రతివాడూ గుమ్మంలోనే, "చొక్కా ఇయ్యన్నా, బట్ట రేపు తెస్తా," అని పడీపడీ నవ్వుతాడు. సొంత గదిలో, సొంత మిషను ముందు, శేషయ్య బావమరిది హాస్యానికి పళ్ళికిలించి కూర్చోవాలి. కొందరు నంద్యాల పోయి ఆ టైలరుతో ఫోటోలు దిగి వచ్చి ఇతనికే చూపించేవాళ్ళు. అద్దం పైన ఫోటో ఉందిగానీ దాన్ని చూసేవాళ్ళు లేరు.

ఒక మధ్యాహ్నం సాయినాథ్ వచ్చాడు. సందు చివర కారాపి, నడుచుకుంటూ. గౌరమ్మ భర్తకు అన్నం కారేజీ తెచ్చి అక్కడే ఉంది. నేను గుండీల డబ్బా ఇవ్వడానికి పోయి గుమ్మంలో నిలబడ్డాను.

"నా బట్ట యాడుంది బావా?"

శేషయ్య కదల్లేదు. గౌరమ్మే, "కుట్టేసింటాడులేరా, ఎప్పుడో ఇచ్చినావు గదా," అంటూ అలమార తీసింది. పైవన్నీ తీసి చూసింది. అన్నిటికన్నా కింద నీలం బట్ట దొరికింది. కొన్నప్పటి మడత విప్పలేదు. అంగడివాడి చీటీ కూడా అలాగే ఉంది.

ఆమె బట్టను చూసింది, మొగుణ్ణి చూసింది. హాల్లో కప్పిన శాలువా అంతా ఆ ఒక్క చూపుతో జారిపోయింది. బట్టను బల్లమీద పెట్టి పక్కకు జరిగి నిలబడింది.

"నువ్వు ఫోన్లో తిడ్తాండావని నాకు ఆ పొద్దే తెలుసు బావా," అన్నాడు సాయినాథ్. "నీ గొంతు నాకు తెలీదా? తిట్టయినా దోవ దొరికిందని డైరెక్టరుకు చెప్పినా."

"మరి ఆడ మైకులో అట్ల చెప్తివే."

"అక్క ముందర్నే కూచోనుండె. తిట్టినావని చెప్పల్లనా?"

శేషయ్య లేచాడు. మెడలోని టేపు తీసి సాయినాథ్ మెడకు చుట్టాడు. ఒక్క క్షణం నాకు భయమేసింది. చుట్టి, కొలత చూసి, వదిలాడు. "చేతులెత్తు," అన్నాడు. భుజాలు కొలిచాడు, ఛాతీ కొలిచాడు, వాడి ముఖం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. బట్ట మడత విప్పి బల్లమీద పరిచి సుద్దతో గీతలు గీశాడు.

"ఎప్పుడు రమ్మంటావు బావా?" అన్నాడు సాయినాథ్.

గౌరమ్మా నేనూ ఆ మాట కోసమే చూస్తున్నాం. శేషయ్య కత్తెర తీసుకున్నాడు.

"కూచో. ఈ పొద్దే కుట్టిస్తా," అన్నాడు, బట్టమీంచి తల ఎత్తకుండా. "రేపు మాత్రం రావాకు."